గ్రహశకలాల పాఠం, మా అక్క చేను

మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను కర్నూలులో మా వంటింట్లో నిలబడి, ఒక కన్ను పాలగిన్నె మీద, ఒక కన్ను కాగితాల మీద పెట్టి, ఆకాశంలో తిరిగే ఒక రాయి ఖరీదు లెక్క వేస్తున్నాను. నవ్వకండి, అది నా ఉద్యోగంలో భాగం. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి అర్థశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని. ఆ వేసవిలో మా ప్రిన్సిపాల్‌కు కొత్త పాఠాల పిచ్చి పట్టింది. గ్రహశకలాల్లో ఉన్న లోహాలు తవ్వి భూమికి తెస్తే గిట్టుబాటు అవుతుందా అన్న విషయం మీద పిల్లలకు అర్థమయ్యేటట్టు ఒక పాఠం రాసిమ్మన్నాడు. రాకెట్టును టీవీలో తప్ప చూడనిదాన్ని నేను. కాదంటే వచ్చే ఏడు నన్ను కొనసాగిస్తాడో లేదో తెలియదు కాబట్టి సరేనన్నాను.

"పాపా, ఈడ వాన పడిండాది" అంది అక్క. "చేలో మంచి పదనుండాది. మీ బావ ఇత్తనం మాట ఎత్తనీకుండా పొద్దన్నే పోయి చేలో కూసుంటాండాడు. నువ్వు రా. నీ మాటయితే ఇంటాడు."

"నా మాట నా క్లాసు పిల్లలే వినరక్కా" అన్నాను.

"ఇంటాడు. సదువుకున్నోళ్లంటే శానా గౌరవం ఆ మనిషికి." తర్వాత గొంతు తగ్గించింది. "ఈ ఏడు గూడా గుంటూరు పోవాలంటే నాతో కాదు పాపా. మోకాళ్లు లేస్తల్యా."

పాలు పొంగిపోయాయి. కాగితాలు సంచిలో వేసుకుని మరుసటి బస్సుకే బయల్దేరాను.

మా అక్కను ఇచ్చింది పత్తికొండ దాటాక ఎర్రనేలల్లో ఉన్న ఒక పల్లెకు. మేం పుట్టి పెరిగింది ఆత్మకూరు దగ్గర, అడవి వాసన వచ్చే చోట. అక్కడ వజ్రాల మాటే లేదు. ఇక్కడ తొలకరి పడిందంటే చాలు, జనం చేలల్లో వాలిపోతారు. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేలుస్తుంది. ఉరుము ఉరిమితే వజ్రం నేలలోంచి లేస్తుందని మా అక్క అత్తగారి ఊరి వాళ్ల నమ్మకం. ఊరి వాళ్లే కాదు, ఎక్కడెక్కడి నుంచో టిఫిను క్యారియర్లు, గొడుగులు, పసిపిల్లలతో సహా వచ్చి, గొంతుకూర్చుని, ఎండ ఏటవాలుగా పడే వేళ నేలను చూసుకుంటూ అంగుళం అంగుళం జరుగుతారు. ఏటేటా టీవీల్లో మీరూ చూసే ఉంటారు.

ఆ ఊర్లో ఒక కట్టుబాటు ఉంది. విత్తనం పడనంత వరకు ఎవరి చేలో ఎవరు వెతుక్కున్నా అడగరు. చేను గలవాడు కూడా పొమ్మనకూడదు. అందరికీ ఆశ ఉంటుంది గదా అంటారు. కానీ ఒక్క సాలు విత్తనం పడిందంటే ఆ చేను మూసేసినట్టే. ఆ తర్వాత ఎవరూ అందులో కాలు పెట్టరు, సొంతదారుడు కూడా వజ్రం కోసం వంగడు. విత్తిన నేలను తొక్కినవాడికి ఆ ఊర్లో నీళ్లు కూడా పుట్టవు.

అంటే విత్తితే వెతుకులాట అయిపోయినట్టే. మా బావ బాధ అదే. ఈ రోజొక్కటి చూసి రేపు విత్తుదాం అంటాడు. పదును మాత్రం ఆయన కోసం ఆగదు. ఎర్రనేల కదా, నాలుగు రోజుల ఎండకు తడి లోపలికి పోతుంది, ఆ తర్వాత విత్తనం వేసినా మొలకెత్తదు. ముందటేడు సరిగ్గా అలాగే అయింది. పదును పోయింది, రెండో వాన ఎప్పటికో గానీ రాలేదు, విత్తడానికి తెచ్చిన వేరుశనగ మూటలు వచ్చిన ధరకు అమ్మేశారు. చలికాలం రాగానే ఊరి కూలీలతో పాటు అక్క కూడా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయింది. పిల్లలిద్దరినీ హాస్టల్లో వేసి, మూడు నెలలు ఎవరిదో పొలం గట్టున టార్పాలిన్ పట్టా కింద పడుకుంది. నేను ఒకసారి చూడబోతే చేతులు వెనక్కి దాచుకుంది. మిరప మంటకు వేళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చదివించాలని ఏడో తరగతిలో బడి మానేసిన చేతులు అవి. ఆ రోజు బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను.

కాబట్టి ఆ మూడున్నర ఎకరాలు విత్తించి తీరాలని పళ్లు బిగించి మరీ వెళ్లాను.

బావ చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. తాగడు, పేకాడడు, అక్క మీద గొంతు లేపడు. ఆయనకున్న రోగం ఒకటే, నేలను చూడడం. ఎన్నో ఏళ్ల కింద పక్క చేలో కలుపు తీసే కూలివాడికి ఒక రాయి దొరికిందట, వాడు ఇప్పుడు గుంతకల్లులో రెండంతస్తుల ఇంట్లో ఉన్నాడట. ఆ ఇల్లు చూసినవాళ్లు నాకెవరూ కనిపించలేదు. రాయి దొరికితే వ్యాపారులు నలుగురూ కూడి, ఒక్కొక్కరూ తమ ధర చీటీ మీద రాసి మూసి ఇస్తారు. ఎక్కువ రాసినవాడికి ఇచ్చేయాలి. ఆ నలుగురూ ముందే మాట్లాడుకుని వచ్చి ఉంటే అడిగేవాడు లేడు. ఎంతకు పోయిందో బయటికి చెప్పరు, చెప్పరు కాబట్టి ఊరు తనకు తోచినంత చెప్పుకుంటుంది.

నేను వెళ్లేసరికి వాన పడి ఒక రోజు గడిచింది. చేలో ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్ల మధ్యలో బావ, తలకు తువ్వాలు చుట్టుకుని. నన్ను చూసి సంతోషంగా లేచి వచ్చాడు. "ఏమ్మా లెక్చరరమ్మా, ఇన్నాళ్లకు మా ఊరు గుర్తొచ్చిండాదా" అన్నాడు. ఆయన ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, వసారాలో పరిచిన కడప బండల మీద కూర్చున్నప్పుడు, నా సంచిలోంచి కాగితాలు జారాయి. అవేమిటని అడిగాడు. అక్కడే తప్పు చేశాను. పాఠం చెప్పే అవకాశం వస్తే ఊరుకోలేని జబ్బు నాది. ఆకాశంలో కొన్ని రాళ్లు తిరుగుతుంటాయని, వాటిల్లో ఇనుము, నికెలు, బంగారం కంటే అరుదైన లోహాలు కూడా ఉన్నాయని, ఒక్కొక్క రాయి ఖరీదు కడితే దేశాల ఆస్తులన్నీ కలిపినా సరిపోదని కొందరు రాస్తారని చెప్పాను. బావ ముద్ద కలపడం ఆపేశాడు.

"సూడు, సూడు" అన్నాడు అక్కతో. "తెల్లోళ్లు ఆకాశంలో ఎతుకుతాండారంట. నేను కాళ్ల కింద ఎతికితే నాకు పిచ్చంటావు."

అక్క నా వైపు చూసిన చూపుకు భూమి చీలితే అందులోకి పోయేదాన్ని.

"పూర్తిగా విను బావా" అన్నాను. "ఆ ఖరీదు ఉత్త మాట. ఇవాళ్టి ధరతో హెచ్చవేసి చెప్పేది. నిజంగా అంత లోహం ఒక్కసారి వచ్చి పడితే ధర ఇవాళ్టి లాగే ఉంటుందా? ఒకప్పుడు సత్తు, అదే అల్యూమినియం, బంగారం కంటే ప్రియం, తెలుసా. రాజుల ఇళ్లల్లోనే ఉండేది. తేలిగ్గా తీసే దారి కనుక్కున్నాక ఏమైంది? ఇదిగో, నీ ముందున్న అన్నం గిన్నె అదే."

ఆయన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్టలు గూడా పడిండాయి" అన్నాడు.

"పైగా పోయి రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ పెట్టుబడి ఇరుక్కుని ఉంటుంది. ఇంతవరకూ పోయినవాళ్లు తెచ్చింది పిడికెడు దుమ్ము. దానికైన ఖర్చుతో మన జిల్లాకు కాలువలు తవ్వొచ్చు. లెక్కలు తెలిసినవాళ్లు ఏమంటున్నారంటే, అక్కడ ముందు గిట్టుబాటు అయ్యేది బంగారం కాదు, నీళ్లు. రాళ్లల్లో గడ్డకట్టి ఉన్న నీళ్లు తీసి, అక్కడ తిరిగేవాళ్లకే అమ్మాలట. కింద నుంచి మోసుకుపోవడం అంత ఖరీదు."

మజ్జిగ పోస్తున్న అక్క అప్పుడు నోరు విప్పింది. "ఆడ గూడా నీళ్లకే కరువా?"

నాకు నవ్వొచ్చింది. బావ మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "వాళ్లకు రాకెట్టు కావాల. అది ఖర్చు. నాకేం కావాలమ్మా? ఈ రెండు కాళ్లే గదా. నాకు ఖర్చేముండాది?" అన్నాడు.

ఒళ్లు మండింది. ఆయన అడిగిన ప్రశ్న తెలివైనది కాబట్టి ఇంకా మండింది. "నీ రోజులు ఖర్చు కాదా? ఎండిపోతున్న పదును ఖర్చు కాదా? అక్క గుంటూరులో కూర్చుని కోసిన మిరపకాయలు ఖర్చు కాదా బావా?" అన్నాను.

బావ తల దించుకున్నాడు. ఆయనకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. అర్థమైంది. "నువ్వు చెప్పేది నిజమే" అన్నాడు మెల్లగా. తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. "ఇంకొక్క పొద్దు సూస్తా" అని చేలోకి పోయాడు. అర్థమైనా ఇంట్లో కూర్చోలేని మనిషికి ఇంక ఏ పాఠం చెప్పాలో నాకు ఈరోజుకీ తెలియదు.

మరుసటి రోజు పొద్దున అక్క టీ ఫ్లాస్కు నా చేతికిచ్చి, ఆయన్ని పిలుచుకు రమ్మంది. నాలుగు రోజుల పదునులో రెండు రోజులు పోయాయి. చేలో నిన్నటి కంటే ఎక్కువ మంది ఉన్నారు. బావ దూరంగా, పడమటి మూలన కనిపించాడు. పిలిచాను, చెయ్యి ఊపాడు, రాలేదు. నాకు విసుగొచ్చి గట్టు పక్కన ఒక చదునైన చోట చూసుకుని కూలబడ్డాను. టీ నేనే పోసుకుని తాగాను. చేతిలో ఏమీ లేదు, చూడడానికి నేల తప్ప ఏమీ లేదు.

అది నా చెప్పుకు జానెడు దూరంలో ఉంది. శనగగింజ కంటే కొంచెం పెద్దది. ముందు గాజుముక్క అనుకున్నాను. తీశాను. మొనలు తేలి, నున్నగా, చల్లగా ఉంది. వేళ్ల మధ్య తిప్పితే లోపల ఎక్కడో వెలుగు కదిలింది. అక్కడివాళ్లు చేసే పరీక్ష నాకు తెలుసు. నోటి ఆవిరి ఊదితే మామూలు రాయి మీద మసక నిలుస్తుంది, వజ్రం మీద చప్పున పోతుంది. ఊదాను. నా కళ్లద్దాలకే ఆవిరి పట్టింది. తుడుచుకునేంతలో పక్క సాలులో ఒకామె తలెత్తి, "ఏమన్నా అగుపడినాదామ్మా?" అని అడిగింది.

"చెప్పు తెగింది" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది. రాయిని ఫ్లాస్కు మూతలో వేసి బిగించి, లేచి నడిచాను. ఇల్లు చేరేదాకా లోపల అది గలగలమంటూనే ఉంది. దోవలో ఎదురైన ప్రతి ఒక్కరికీ అది వినబడుతున్నట్టే అనిపించింది.

ఆ రోజు నేను పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. రాయిని ముక్కుపుడకల డబ్బీలో పెట్టి, డబ్బీని పర్సులో, పర్సును సంచిలో, సంచిని విత్తనాల మూటల వెనక దాచాను. పాఠం రాద్దామని కూర్చుంటే ఒక్క వాక్యం సాగలేదు. బావకు చూపిస్తే? గంటలో ఊరంతా చేలో ఉంటుంది. ఇక ఆయన జన్మలో విత్తనం పట్టడు. చూపకపోతే? అక్క ఇంటి రాయి దొంగిలించిన చెల్లెలిని అవుతాను. తిరిగి చేలో పడేస్తే వేరేవాడికి దొరుకుతుంది. అక్కకు చెబితే ఈ బరువు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టు. అన్ని దారులూ మూసుకున్నాయి. మధ్యాహ్నం బావ అన్నానికి వచ్చి, "ఏమ్మా, మొగం అట్ల పెట్టినావు, ఒంట్లో బాగల్యాదా?" అని ప్రేమగా అడిగితే తలనొప్పని చెప్పి లోపలికి పోయాను.

సాయంత్రం పెరట్లో అక్క అంట్లు తోముతుంటే, బావ ఇంకా చేలోనే ఉన్నాడని చూసుకుని, డబ్బీ తెరిచి చూపించాను.

అక్క చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. రాయి తీసుకుని, అటు తిరిగి ఊదింది. ఆవిరి నిలిచిందో పోయిందో నాకు కనపడలేదు. చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.

"ఎవురన్నా సూసినారా?"

"లేదు."

"ఇది వజ్రమేనా పాపా?"

"నాకేం తెలుసక్కా. కావచ్చు. పలుగురాయి కూడా కావచ్చు. కర్నూలులో ఎవరికైనా మెల్లగా చూపిస్తాను."

"సూపిచ్చి? వజ్రమయితే దుడ్లు వస్తాయి. యాడివని చెప్పల్ల ఆయనకు?" మళ్లీ రాయి వైపు చూసింది. "వజ్రమయితే నా మొగుడు ఇంక ఇత్తనం ఎయ్యడు. పలుగురాయి అయినా ఎయ్యడు. ఇది కాకపోతే దీని పక్కది అంటాడు. వచ్చిన దుడ్లు ఎన్నేండ్లు తింటాం? అవయిపోయినంక గూడా ఆడనే కూసోనుంటాడు ఆ మనిషి."

నేను రాస్తున్న పాఠం మొత్తం పెరట్లో అంట్ల ముందు మా అక్క మూడు మాటల్లో చెప్పేసింది. దొరకని రాయి కంటే దొరికిన రాయితోనే ఖర్చు ఎక్కువ. నాకు భయం వేసింది, ఎందుకంటే ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

రాయిని కొంగున ముడి వేసుకుంది. పక్కింటాయనకు ఎద్దుల జత ఉంది, విత్తనం వేసే గొర్రు ఉంది. ఆయనతో గోడ మీద నుంచే మాట్లాడి వచ్చింది. తర్వాత నాతో, "రేప్పొద్దున నేను పోయి సాలు పట్టేదాంక ఆయన్ను ఇల్లు కదలనీయాకు. నీ రాకెట్టు పాఠం చెప్పు. అదంటే సెవి కోసుకుంటాండాడు" అంది.

అలా తెల్లవారి నేను చేసిన పని నా ఉద్యోగ జీవితంలో చేసిన అన్ని పనుల్లోకి నీచమైనది. బావ ముఖం కడుక్కుని తువ్వాలు అందుకుంటుంటే, "బావా, మొన్నటిది పూర్తి కాలేదు, కాస్త కూర్చో, నాకూ రాయడానికి పనికొస్తుంది" అన్నాను. కూర్చున్నాడు. ఎంత మర్యాదగా కూర్చున్నాడని. నా పిల్లల్లో ఒక్కడు అలా కూర్చుంటే నా జన్మ ధన్యం. ఆకాశంలో రాయి ఎవరి సొంతం అని అడిగాడు. ఇంకా తేలలేదు, ముందు పోయినవాడిదని కొందరు, అందరిదీ అని కొందరు అంటున్నారని చెప్పాను. "మా చేలు గూడా అంతే గదా" అన్నాడు. కాగితం మీద సున్నాలు చుట్టి దారులు గీశాను. ఇంకో ప్రశ్న అడిగాడు.

"తెచ్చినోడికి మిగలదంటివి. మరి ఈ యాపారంలో ఎవురికి మిగుల్తాదమ్మా?"

"పోయేవాళ్లకు రాకెట్లు అమ్మేవాళ్లకు బావా."

ఆయన తొడ చరిచి నవ్వాడు. "మా ఊర్లో టీ అంగడోనికి. మొన్నట్నుంచి పాలు చాలక తన్నుకుంటాండాడు."

నేనూ నవ్వాను. నవ్వుతూనే బయటి వైపు చెవి పెట్టి, ఎద్దుల గజ్జెల చప్పుడు దూరమవుతుంటే వింటున్నాను. నన్ను ఇంత నమ్మే మనిషిని ఆయనకు ఇష్టమైన మాటలతోనే కట్టేసి కూర్చోబెట్టాను. ఆయన బందీ అనుకున్నానా, గుమ్మం దాటలేక కూర్చున్నది నేను. ఎంత దూరం పోయి ఉంటారు, సాలు పట్టారా, ఇంకెంతసేపు మాట్లాడాలి అనుకుంటూ, చెప్పిందే మళ్లీ చెబుతూ, గీసిన సున్నాల మీదే మళ్లీ సున్నాలు చుట్టాను. చివరికి ఆయనే లేచాడు. "ఇంక ఎండ ఎక్కుతాది, పోతా" అన్నాడు. వెనకాలే నేనూ పోయాను.

చేను చేరేసరికి గట్ల మీద జనం నిలబడి ఉన్నారు. ఎవరూ గొడవ పడలేదు. సాలు పడగానే గొడుగులు మూసి, పిల్లలను చంకనేసుకుని, వాళ్లంతట వాళ్లే లేచి బయటికి వచ్చేశారట. పక్కింటాయన ఎద్దులను తోలుతున్నాడు. వెనకాల అక్క, ఒడిలో విత్తనాలు పోసుకుని, గొర్రు మీదుండే కర్రగిన్నెలో, గొట్టాల్లోంచి నేలలోకి పోయేటట్టు, గింజలు జారవిడుస్తూ నడుస్తోంది. రెండు సాళ్లు అయిపోయి మూడోది నడుస్తోంది.

బావ గట్టు దగ్గరే ఆగిపోయాడు. ఒక కాలు ముందుకు వేయబోయి, వెనక్కి తీసుకున్నాడు. విత్తిన చేలోకి దిగడం ఆయనకు చేత కాదు. అట్లాగే గట్టు మీద కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు. పొద్దున పాఠం ఎందుకు చెప్పానో అప్పుడు అర్థమైంది ఆయనకు. తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను అక్కను చూస్తున్నాను. మూడో సాలు సగంలో ఒక చేత్తో గింజలు వదులుతూనే రెండో చేత్తో కొంగు ముడి విప్పింది. ఆ చెయ్యి కూడా గిన్నెలోకి పోయింది. నడక ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. గొర్రు వెనక కట్టిన పట్టెడ పలక మట్టిని చదును చేసుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం నన్ను బస్సెక్కిస్తూ, "ఇంట్లో పెట్టుకుంటే నేను నిద్రపోల్యాను పాపా. అందుకే ఏసినా" అంది. మంచి పని చేశావన్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ ఏడు పంట బాగానే వచ్చింది. కాయలు కొట్టాక ఒక మూట నాకూ పంపింది. అక్క గుంటూరు పోలేదు. చలికాలమంతా ఇంట్లోనే ఉంది. పిల్లలు హాస్టలు మాని ఇంటికొచ్చారు. బావ నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. ఆయనకు ఏదో వదిలినట్టుంది, వెతకడం మీద మునుపటి ఊపు లేదు. నా పాఠం ప్రిన్సిపాల్‌కు నచ్చింది. గట్టెక్కామనుకున్నాను.

ఈ ఏడు తొలకరి పడినాక ఫోన్ చేసింది బావ.

"అమ్మా, ఒకసారి రా. మీ అక్క ఇత్తనం ఎయ్యనిస్తల్యా."

వెళ్లాను. చేలో జనం పోయినేటి లాగే ఉన్నారు. గట్టు మీద విత్తనాల మూటలు దించి ఉన్నాయి, పక్కింటాయన ఎద్దులను కట్టి సిద్ధంగా పెట్టి, ఎండకు నీడ చూసుకుని కూర్చున్నాడు. బావ నిలబడి ఉన్నాడు. చేలో ఆ మూల అక్క ఒక్కతే, జనానికి దూరంగా, గొంతుకూర్చుని ఉంది. లేవలేని మోకాళ్లతో ఎలా కూర్చుందో, ఎంతసేపటి నుంచి కూర్చుందో.

"మూడు దినాలాయె" అన్నాడు బావ. "చీకటితో వస్తాది. అన్నానికి గూడా రాదు. నన్ను తిట్టిన మనిషేనా అని నాకే అర్థం కావల్యా. ఏం పుట్టిందమ్మా మీ అక్కకు? నీకేమన్నా చెప్పిండాదా?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఏమని చెప్పను? రాయి దొరికిందని, ఆయనకు తెలియకుండా ఇద్దరం కలిసి దాచామని, ఆ పొద్దున ఆయన నా ముందు కూర్చుని నవ్వుతుంటే అది నేలలోకి పోయిందని? చెబితే ఈయన కూడా ఆమె పక్కన కూర్చుంటాడు, ఇక ఈ జన్మకు లేవడు.

"లేదు బావా" అన్నాను.

అక్క దగ్గరికి నడిచాను. నా నీడ పడితే తలెత్తకుండానే, "ఎండకు అడ్డం నిలబడాకు" అంది. పక్కకు జరిగాను. వేళ్లతో మట్టిపెళ్లలు ఒక్కొక్కటే చిదుపుతోంది. గోళ్లు ఎర్రబారి ఉన్నాయి.

"అక్కా, పదును పోతోంది. మళ్లీ గుంటూరు పోతావా?"

"మూడో సాలు అనుకుంటాండా" అంది, నేనడిగింది వినబడనట్టు. "దున్నినప్పుడు పక్కకు జరిగిండొచ్చు. నాలుగోది, ఐదోది గూడా సూసినా. ల్యా." తలెత్తి నన్ను చూసింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "ఊదినప్పుడు ఆవిరి నిలవల్యా పాపా. ఆ పొద్దే నాకు తెల్సు."

పక్కనున్న పెళ్లలను చేత్తో ఒకవైపుకు నెట్టి చోటు చేసింది.

"నీ కండ్లకు అగుపడింది గదా ఒకసారి" అంది. "నీకయితే దొరుకుతాది. ఇట్ల కూసో."

గట్టు మీద బావ ఇటే చూస్తున్నాడు, నేను ఆమెను లేపుకుని వస్తానని. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అక్క పక్కన గొంతుకూర్చుని, నేలను చూడడం మొదలుపెట్టాను.